ఖడ్గముచేత సత్యము స్థాపింపబడునా?

సత్యమని మనము నమ్మినదానిని ఇతరులచేత బలవంతముగా నంగీకరింపజేయుటకు మనకధికారము కలదా? అసత్యమును అనాచారమును కన్నులార జూచుచు, వానిని తొలగింపదగిన బలము చేత నుండియు, ఊరకుండుట ధర్మమగునా? సంస్కరణమును గోరు ప్రతివానికిని ఈ రెండు ప్రశ్నలును ఎప్పుడో యొకప్పుడు ఎదురుపడక తప్పదు. మొదటిదానికి లేదనియు, రెండవదానికి కాదనియు మనము తొందరపడి యుత్తరము చెప్పుదుము. కాని యా రెండుత్తరములును ఒకదానితో నొకటి పొసగునట్లు చేయుట సులభము కాదు. ఈ విషయమును కేవల తర్కముచేత గాక, చరిత్రమున జరిగిన యొక వ్యవహారమును సాక్ష్యముగా బెట్టుకొని విచారించుట మేలని నాకు దోచినది. సాక్ష్యము లేని వాదమునందు న్యాయవాదికి నమ్మకము తక్కువ. ఆ వ్యవహారమేదనగా, 12, 13 శతాబ్దములలో డెన్మార్కు రాజులు బాల్టిక్ సముద్రతీరమందలి అన్యమతస్థులపై సలిపిన సిలువ యుద్ధములు.

బాల్టిక్ సముద్రమునకు దక్షిణతీరమున నానాడు స్లావు జాతికి జెందిన పెక్కు తెగలవారు నివసించుచుండిరి. పొరుగువారు వారిని వెండులని పిలిచెడివారు. వారి పుణ్యక్షేత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ర్యూగెన్ ద్వీపపు టుత్తరపు కొనయందు, సముద్రముపై నిలువుగా నిలిచిన తెల్లని సుద్దకొండమీది ఆర్కోనా దేవాలయము. అందలి దేవుని పేరు స్వాంతెవిత్. నాలుగు తలలు గల గొప్ప కొయ్యవిగ్రహమది. దాని కుడిచేత లోహపు కొమ్ముపాత్ర యొకటి యుండెను. ఏటేట కోతలైన పిమ్మట పూజారి యా పాత్రను పరీక్షించి, క్రిందటి యేడు పోసిన మద్యము తఱుగకున్నచో పంట సమృద్ధి యనియు, తఱిగినచో కఱవనియు జోస్యము చెప్పెడివాడు. దాదాపు మనిషి యెత్తు గల తేనెరొట్టె వెనుక నిలిచి, తాను కనబడుచున్నాడా యని ప్రజలనడిగి, వచ్చు నేడు తాను బొత్తిగా కనబడకుండునంత రొట్టె కావలెనని కోరెడివాడట. పండుగకు ముందునాడు గుడి లోపల నూడ్చునపుడు మానవుని యూపిరి దేవుని సన్నిధిని మైలపఱచునను భయముచేత ఊపిరి బిగబట్టి యూడ్చి, పట్టజాలనపుడెల్ల వాకిటికి పరుగెత్తి వెలుపల నూపిరి విడిచి మరల లోనికి వచ్చెడివాడట. ఇట్లు వ్రాసినవాడు డెన్మార్కు చరిత్రకారుడగు సాక్సో. అతడా మతమును ద్వేషించినవాడు. దానిని కూల్చిన బిషప్పు అబ్సలోను నాశ్రయించినవాడు. అట్టివాని మాటలలోనే ఆ పూజారి భయభక్తులు మనకు కనబడుచున్నవి.

1168లో డెన్మార్కు రాజగు మొదటి వాల్డెమారును, అప్పటికి రోస్కిల్డె బిషప్పుగా నుండిన అబ్సలోనును ఓడలతో వచ్చి ఆర్కోనాను ముట్టడించిరి. కోటద్వారము క్రింద గల సందులో డేనుల పక్షపు యువకుడొకడు గడ్డి కుక్కి నిప్పంటించెను. లోనివారికి నీరు చాలక పాలు పోసి మంటలార్పజూచిరట. కడకు లొంగిపోయిరి. ఎస్బెర్ను, సూనె యను నిరువురు విగ్రహమును కాళ్లయొద్ద నఱకించిరి. దేవుడు తన్ను దానే రక్షించుకొనునని ఊరివారు కొందఱెదురుచూచిరి, కొందఱేడ్చిరి, కొందఱు నవ్విరి. దానిని త్రాళ్లతో నీడ్చుకొనిపోవుటకు ఊరివారు తాము చేయి వేయ వెఱచి, బందీలను పరదేశులను పురికొల్పిరి. సాయంకాలమునకు సేనలోని వంటవారా విగ్రహమును ముక్కలు చేసి పొయ్యిలో బెట్టిరి. ముట్టడియంత్రముల కలపతో నచట నొక క్రైస్తవ దేవాలయము కట్టబడెను.

చదువరులారా, దాచనేల? యౌవనమున నేనీ కథను మొట్టమొదట చదివినపుడు నా హృదయముప్పొంగినది. విగ్రహము వంటచెఱకైనది! నిరాకారుడగు నీశ్వరుని నమ్మినవానికి ఇంతకంటె చెవికింపైన వార్త యేది? మీలో ననేకులకును అట్లే తోచియుండును. ఆ సంతోషమే నేడు నేను విచారణకు బెట్టదలచిన ముద్దాయి.

ముందుగా డేనుల పక్షమున జెప్పదగినది చెప్పవలెను. వెండులు నిరపరాధులగు సాధువులు కారు. వారి ఓడలు డెన్మార్కు తీరములపై బడి గ్రామములను దోచి, స్త్రీపురుషులను చెఱబట్టి బానిసలుగా నమ్ముచుండెను. తన ప్రజలను రక్షించుకొనుట రాజధర్మము. కావున డేనుల వ్యాజ్యములో రెండు వేర్వేఱు కోరికలు కలవు. తీరమునకు రక్షణ కావలెననునది మొదటిది. ఎదుటివారి యాత్మలపై నధికారము కావలెననునది రెండవది. మొదటిదానికి సాక్ష్యము బలముగా నున్నది. ఆ బలమును జూపి రెండవ కోరికకు గూడ డిక్రీ పొందుటయే ఈ యుద్ధములలోని మోసము. చెఱబట్టబడినవారిని విడిపించుటకు ఓడలను పట్టుకొనవలెను, కోటను జయింపవలెను. ఒకని మనస్సులోని దేవుని మార్పవలసిన పనిలేదు.

ఆ మొదటి కోరికలో సైతము ప్రతివాది చెప్పుకొన్నది వినదగియున్నది. 1156లో ల్యూబెక్ పట్టణమున బిషప్పు గెరోల్డు స్లావులకు సువార్త బోధింపగా, వారి నాయకుడగు ప్రిబిస్లావు ఇచ్చిన ప్రత్యుత్తరమును హెల్మోల్డను మతగురువు తన చరిత్రలో వ్రాసియుంచెను. ఇచట స్లావులను పీడించినవారు డేనులు గారు, సాక్సను ప్రభువులు. మాకీ ప్రభువులు విధించు పన్నులును దాస్యమును భరింపరానివైనవి. దినదినమును పాఱిపోవుటకు దారి వెదకుకొనుచున్న మాకు క్రొత్త మతమును విచారించు తీరిక యెక్కడిది? నేల దొరకనివారము సముద్రము పాలై, డేనులయొద్దను వర్తకులయొద్దను పొట్టకూటికి దోచుకొన్నచో అది మా తప్పా? సాక్సనులకు గల యాస్తి హక్కులను మాకు నిండు, మేము సంతోషముతో క్రైస్తవులమై గుళ్లు కట్టుకొని దశమభాగము చెల్లింతుము—అని యతని మాటల భావము. జయించినవారి చరిత్రమునందే జయింపబడినవాని వాదమింత నిండుగా మిగిలియుండుట యరుదు. ఇందు విగ్రహమును గూర్చి యొక్క మాటయు లేకుండుట గమనింపుడు. అతడడిగినది న్యాయము; అతనికి జూపినది స్వర్గము.

బలవంతపు మతాంతరము ఎట్టి ఫలమిచ్చునో డేనులకు 1168 నాటికి తెలియకపోలేదు. 1136 ప్రాంతమున ఎరిక్ రాజు ఇదే ఆర్కోనాను ముట్టడించి నీరు దొరకకుండ జేసినపుడు, లోనివారు బాప్తిస్మమునకొప్పుకొని చెఱువులో దిగిరి. మతముమీది కోరికకంటె దాహమే వారినందు దింపినదని సాక్సోయే వ్రాయుచున్నాడు. సేన తిరిగిపోగానే వారు తమ దేవునియొద్దకు తిరిగిపోయిరి. 1147లో పోపు మూడవ యూజీనియసు వెండులపై దండయాత్రకు యెరూషలేము యాత్రతో సమానమగు పాపపరిహారమును ప్రకటించెను. ఆ మతాచారమో ఆ జాతియో నశించువఱకు ధనము పుచ్చుకొని గాని కప్పము పుచ్చుకొని గాని సంధి చేసికొనరాదని క్లెర్వో మఠాధిపతి బెర్నార్డు లేఖ వ్రాసెను. ఇతడు ప్రేమతత్త్వమును గూర్చి మధురముగా వ్రాసిన భక్తుడు! ఆ లేఖ ననుసరించి నడచిన సేనలలో నొకటి స్టెటీను పట్టణమును చుట్టుముట్టగా, పట్టణస్థులు గోడలపై సిలువలను నిలిపిరి. వారు బాంబెర్గు బిషప్పగు ఒట్టో బోధవలన రెండు దశాబ్దములకు బూర్వమే క్రైస్తవులైరి! డేనులు పాల్గొన్న డోబిన్ ముట్టడిలో లోనివారు బాప్తిస్మమునకును, చెఱలోని డేనులను విడుచుటకును ఒప్పుకొనిరి. అయితే బాప్తిస్మము కపటమయ్యెను. ముసలివారిని పనికిరానివారిని విడిచి, బలముగలవారిని తమయొద్దనే యుంచుకొనిరి. నిజముగా బాధపడుచుండిన డేనుల బందీలకే ఆ యుద్ధము మేలు చేయలేకపోయినది.

ఇక 1168 నాటి సంధి షరతులను లాయరు దృష్టితో జదువుడు. విగ్రహమును, గుడి ధనమును అప్పగించుట, క్రైస్తవ బందీలను విడుచుట, క్రైస్తవమతము స్వీకరించుట, దేవుని మాన్యములను క్రైస్తవ గురువులకిచ్చుట, రాజు పిలిచినపుడు యుద్ధమునకు వచ్చుట, కాడి యెడ్లకు నలువది వెండి నాణెముల చొప్పున ఏటేట కప్పము, నలువదిమంది జామీను మనుష్యులు. దోపిడి తప్పిపోయెనని సైనికులు సణగిరి. లోబడినవారిని చంపరాదని అబ్సలోను వాదించి గెలిచెను. ఆ దయకు నతనిని మెచ్చుకొనవలసినదే. కాని యీ పత్రములో ఆత్మను గూర్చిన షరతు, ధనమునకును భూమికిని నడుమ నొక పద్దుగా నిలిచియున్నది. 1169లో ర్యూగెన్ ద్వీపము అబ్సలోను బిషప్పుగానున్న రోస్కిల్డె పీఠమునకు పోపు మూడవ అలెగ్జాండరుచే స్థిరపఱుపబడెను. సత్యమును ప్రకటించినవాడే మాన్యమును గూడ పుచ్చుకొన్నపుడు, విన్నవాడు దేనిని నమ్మవలెను?

ఇట్లు పొందిన సమ్మతి చెల్లునా? 1872 నాటి మన కాంట్రాక్టు చట్టము ప్రకారము నిర్బంధముచేత సమ్మతించినవాడు తన యిష్టానుసారముగా నా యొడంబడికను రద్దుపఱచుకొనవచ్చును. వంద రూపాయల పత్రమునకిట్టి రక్షణ కలదు. ఆత్మకో? యూదులనిక బలవంతముగా మతములో గలుపరాదని 633లో టొలెడో మహాసభ శాసించినది. అయినను ఇదివఱకే బలవంతముగా గలుపబడినవారు దానిలోనే యుండవలెనని అదే సభ చేర్చినది. 1140 ప్రాంతమున గ్రాషియను కూర్చిన ధర్మసంగ్రహమున నిది చేరినది. 1201లో పోపు మూడవ ఇన్నొసెంటు మఱింత స్పష్టపఱచెను: కడవఱకు నోరార నిరాకరించినవానికి మాత్రమే బాప్తిస్మము చెల్లదు; బెదరింపులకును హింసకును లోబడి యొప్పుకొన్నవాడు, భయముచేతనే యొప్పుకొన్నను, దానికి కట్టుబడవలసినదే. అనగా కత్తి చూచి చేవ్రాలు చేసినవాడు బద్ధుడు. కత్తికి మెడయొగ్గినవాడు మాత్రమే స్వతంత్రుడు. నేలను గూర్చి యే న్యాయస్థానమున నైన నీ వాదమును జెప్పిన వకీలును నవ్వి కూర్చుండబెట్టుదురు.

ఇప్పుడు కథలోని రెండవ తరమునకు వత్తము. 1171 ప్రాంతమున పోపు అలెగ్జాండరు ఉత్తరదేశపు రాజులకు లేఖ వ్రాసి, ఎస్తోనియా ప్రజలతో యుద్ధము చేసినవారికి ఏడాది పాపపరిహారమును, అందు మరణించినవారికి సంపూర్ణ పరిహారమును వాగ్దానము చేసెను. 1219 జూనులో రెండవ వాల్డెమారు గొప్ప నౌకాదళముతో వచ్చి, నేటి టాలిన్ నగరమున్న లిండనీసెయొద్ద దిగెను. ఎస్తోనియా పెద్దలు వచ్చి సంధి మాటలాడి బాప్తిస్మము పొంది పోయిరి. మూడు దినములైన పిమ్మట అయిదు వైపులనుండి డేనుల శిబిరముపై బడిరి. రాజని భ్రమపడి బిషప్పు థియోడరికును గుడారములో జంపిరి. అప్పుడాకాశమునుండి తెల్లసిలువ గల యెఱ్ఱజెండా పడి డేనులను గెలిపించెనని యొక కథ కలదు. అదియే నేటికిని డెన్మార్కు జాతీయపతాకము. ఆ కథ మూడు వందల యేండ్లకు దరువాత, 16వ శతాబ్దమున వ్రాతలో కెక్కినది. ఆ కాలముననే యున్న చరిత్రకారుడు, లివోనియా హెన్రీ, చెప్పినది వేఱు. డేనులు పాఱిపోవుచుండగా కొండకును సముద్రమునకును నడుమనుండి స్లావుల రాజగు విజ్లావు తన బలగముతో వచ్చి శత్రువులనడ్డగించుటచే డేనులు నిలదొక్కుకొని గెలిచిరి.

ఈ విజ్లావు ఎవడు? ర్యూగెన్ ద్వీపపు ప్రభువు. 1168లో లొంగి బాప్తిస్మము పొందిన యారోమారు కుమారుడు. ఆనాటి డేనుల ఆర్చిబిషప్పు ఆండ్రెయాసు ఎవడు? ఆర్కోనాలో విగ్రహమును నఱకించిన సూనె కుమారుడు. ఏబదియొక్క సంవత్సరములలో నఱకినవాని కొడుకును, నఱకబడినవాని కొడుకును ఒకే జెండా క్రింద, మూడవవాని దేవుని నఱకుటకు వచ్చిరి. బలవంతమునకు లోబడినవాడు దానినుండి నేర్చుకొనునది బలవంతమునే. ఆర్కోనాలో వాల్డెమారు బోధించినది ఈశ్వరుని యేకత్వము కాదు. బలవంతుని దేవుడు నిజమైన దేవుడను సిద్ధాంతము. ఆ శిష్యుడా పాఠమును చక్కగా నప్పగించెను.

ఎస్తోనియాలో నీ సిద్ధాంతము హాస్యాస్పదమును భయంకరమును నగు స్థితికి వచ్చినది. దక్షిణమునుండి రీగా బిషప్పు పంపిన గురువులును, ఉత్తరమునుండి డేనుల గురువులును, ఎవరు బాప్తిస్మమిచ్చిన గ్రామము వారిదగునను నాశతో పోటీపడిరి. రీగావారికంటె ముందుపడవలెనని డేనులు గ్రామములలో పెద్ద సిలువలను నాటించి, పవిత్రోదకమును పల్లెటూరివారి చేతికిచ్చి పంపి, ఆడువారిపైని పిల్లలపైని చల్లుడని యాజ్ఞాపించిరని హెన్రీ వ్రాయుచున్నాడు. అతడు రీగా పక్షమువాడగుటచే కొంత తగ్గించి చదువుకొనవచ్చును. కాని తబెలిన్ అను గ్రామపెద్ద గతిని తగ్గించి చదువుటకు వీలులేదు. అతడు రీగావారివలన బాప్తిస్మము పొంది, కుమారుని వారి యోధగురువులకు జామీనుగా నిచ్చినందుకు, డేనులు వానినురిదీసిరి. క్రైస్తవుడు కానందుకు గాదు, వేఱొకరివలన క్రైస్తవుడైనందుకు! అతడు పొందినది అదే క్రీస్తు బాప్తిస్మము, అదే పోపునకు లోబడిన గురువులవలన. ఇక నీ యుద్ధము దేవుని కొఱకని చెప్పు నోరెవరికున్నది?

1223లో ఎస్తోనియా ప్రజలు తిరుగబడిరి. విడిచిపెట్టిన భార్యలను మరల దెచ్చుకొనిరి. శ్మశానములలో పూడ్చిన తమవారి శవములను త్రవ్వితీసి, పూర్వాచారము ప్రకారము దహనము చేసిరి. తమ శరీరములను, ఇండ్లను, కోటలను నీటితో కడిగి చీపురులతో నూడ్చి బాప్తిస్మమును వదలించుకొనిరి. మన చట్టములోని మాట జ్ఞాపకమున్నదా? నిర్బంధింపబడినవాడు ఒడంబడికను రద్దుపఱచుకొనవచ్చును. చట్టము చదువని యా రైతులు నీటిచేత వ్రాయబడినదానిని నీటితోనే తుడిచివేసిరి. ఆ తిరుగుబాటులో వారు క్రూరకృత్యములు జరిపినమాట నిజము; వానిని నేను సమర్థింపను. మరల వారణచబడిరి. 1343 ఏప్రిలులో, నూఱు సంవత్సరములకు బైగా సిలువ క్రింద నుండిన పిమ్మట, డేనుల యేలుబడిలోని హార్యు మండలమున రైతులు మరల లేచిరి. 1346లో డెన్మార్కు రాజు నాలుగవ వాల్డెమారు తన ఎస్తోనియా భాగమును ట్యూటన్ యోధసంఘమునకు 19,000 వెండి మార్కులకు విక్రయించెను. ఆత్మలను రక్షించుటకు వచ్చినవారు, రక్షింపబడిన యాత్మలతోగూడ నేలనమ్ముకొని వెడలిరి.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. మొదటివారి మతాంతరము బలవంతమైనను, వారి మనుమలు మనఃపూర్వకముగా క్రైస్తవులైరి గదా. కాలము ఆ దోషమును మాన్పలేదా? మాన్పినమాట నిజమే. కాని మాన్పినదెవరు? ప్రార్థన నేర్పిన తల్లులు, రోగులను జూచిన సన్యాసులు, తమ భాషలో బోధించిన గురువులు. గాయము మానినందుకు కత్తిని స్తుతింపము. ఇది మన కాలపు దృష్టియని చెప్పి యానాటివారిని విడిచిపెట్టుటయు సరికాదు. ఆర్కోనా పడుటకు మున్నూట డెబ్బదియేండ్లకు బూర్వమే, చార్లెసు చక్రవర్తి సాక్సనులకు ఖడ్గముతో బాప్తిస్మమిప్పించినపుడు, అతని మిత్రుడును పండితుడును నగు ఆల్క్విను, విశ్వాసము ఇచ్ఛవలన గలుగునది గాని నిర్బంధమువలన గలుగదనియు, బోధకు ముందు పన్ను వసూలు తగదనియు లేఖలు వ్రాసెను. తప్పు ఒక మతముది కాదు. ఆ మతములోనే వెలుగుండెను. అధికారమా వెలుగును చూడనొల్లలేదు.

రెండవ ప్రశ్న మిగిలియున్నది. ఆర్కోనాలో ఏటేట చీట్లు వేసి యొక క్రైస్తవుని బలియిచ్చెడివారని హెల్మోల్డు వ్రాసెను. ఇట్టిదానిని జూచి యూరకుండవలెనా? కూడదు. 1829లో బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించినపుడు, చితిపై స్త్రీని దహింపరాదని మాత్రమే శాసించెను. ఫలానా దేవుని నమ్ముమని యెవరికిని శాసింపలేదు. ఒకడు ఇంకొకని చంపుచుండగా చేయిపట్టుకొనుట ధర్మము. చేయి పట్టుకొన్న బలముతో వాని హృదయమును గూడ బట్టుకొనజూచుట అధర్మము. ఈ గీత యెక్కడ గీయవలెనో తెలియక కాదు ఆర్కోనాలో తప్పు జరిగినది. గీయుటకిష్టము లేక జరిగినది.

అదే డెన్మార్కు రాజ్యము మన దేశమునకును వచ్చినది. 1620లో తరంగంబాడిలో వర్తకపుకోట గట్టినది. 1706లో రాజాజ్ఞచే నచటికి మతబోధకులు వచ్చిరి. ఆ సంఘమునకు జెందిన బెంజమిను షుల్ట్జి తెలుగు నేర్చి వ్రాసిన చిన్న మతగ్రంథములు 1746లో జర్మనీలోని హాలే నగరమున నచ్చుపడినవి. తెలుగున నచ్చయిన మొదటి పుస్తకములలో నవి చేరును. 1845 వఱకు డేనుల జెండా యెగిరిన శ్రీరామపురముననే, ఇంగ్లీషు బోధకులు ముద్రాయంత్రమును నెలకొల్పిరి. రామమోహనరాయలు 1820లో క్రీస్తు నీతిబోధలను సంగ్రహించి ప్రకటింపగా, వారు ఖండించిరి. అతడు పుస్తకమునకు పుస్తకముతోనే ప్రత్యుత్తరమిచ్చెను. ఆ వర్తకులును బోధకులును నిర్దోషులని నేననను. కాని పుస్తకమును మూసివేయవచ్చును, దానికి జవాబు వ్రాయవచ్చును, వ్రాసినవాడు బ్రదికియుండును. సత్యమునకు గావలసిన న్యాయస్థానమదియే.

మనకు నౌకాదళములు లేవు, సేనలు లేవు. కావున నీ కథ మనది కాదని యనుకొందుమా? నేను సంస్కరణోత్సాహముతో నిండియున్న దినములలో, మా యింట నుండిన వితంతువగు మేనత్తచేత పూజ మాన్పించితిని. నా సంపాదనపై నా యింట బ్రదుకుచున్న యామె ఎదురాడలేదు. దేవతార్చనపెట్టెను తెచ్చి నా యెదుట బెట్టి లోనికి పోయినది. నేను గెలిచితిననుకొంటిని. ఆమె పోయిన పిమ్మట బియ్యపు గోలెమడుగున పాతగుడ్డలో జుట్టిన యంగుళమెత్తు కృష్ణవిగ్రహము దొరకినది. పదునొకండు సంవత్సరములు ఆమె నాకు భయపడుచు, దొంగతనముగా దేవుని పూజించినది. నేనామెకు నిరాకారోపాసన నేర్పలేదు, అబద్ధమాడుట నేర్పితిని. ఆమెతో నొక్కనాడైనను కూర్చుండి, నీ కృష్ణునియందు నీకేమి కనబడుచున్నదని యడిగిన పాపమున బోలేదు.

సోదరులారా, భార్యపై, పిల్లలపై, సేవకులపై, మన భూములను దున్నువారిపై మనకు గల యధికారము చిన్నది కాదు. వారు మన యభిప్రాయమునకు తలయూపునపుడు, ఆ తలయూపు నమ్మకమువలన గలిగినదో జీతమువలన గలిగినదో విచారించుకొందము. కాదని చెప్పుటకు స్వేచ్ఛలేనివాడు ఔననిన మాటకు విలువ లేదు. మన సత్యము నిజముగా సత్యమే యైనచో అది వేచియుండగలదు. వేచియుండలేనిది మన యహంకారము. ఆ యోర్పును సర్వేశ్వరుడు మనకు బ్రసాదించుగాక.